మందు కొట్టకముందు రక్తం: ఒక వానకాలం ప్రాజెక్టు డైరీ

మే 28

రేపటి నుంచి ఊళ్లు తిరగాలి. పనిలో పడితే అసలు ప్రశ్న పక్కకు పోతుందని, ఇది ఎందుకు మొదలుపెట్టానో ముందే రాసుకుంటున్నాను.

మా పెదనాన్న పరకాల వైపు నాలుగెకరాల్లో పత్తి పెట్టేవాడు. యాభై దాటాక కళ్లు పచ్చబడ్డాయి, తర్వాత కడుపులో నీరు చేరింది. ఆసుపత్రికి తీసుకుపోతే అడిగిన మొదటి ప్రశ్న, "ఎన్నేండ్ల నుంచి తాగుతున్నవ్?" ఆయన కల్లు కూడా ముట్టేవాడు కాదు. పెద్దమ్మ ఆ మాట మూడుసార్లు చెప్పింది. కాగితం మీద మాత్రం అది ఎక్కలేదు. ముప్పై ఏళ్లు వీపు మీద పంపు మోశాడన్న సంగతి ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు. ఆయన్ను పురుగుమందే చంపిందని నేను అనను, ఆధారం లేదు. హెపటైటిస్ బి కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. అడగాల్సింది అడగలేదన్నదే నా బాధ.

పత్తి చేన్లలో పురుగుమందులతో పనిచేసేవాళ్ల రక్తంలో, లివర్‌లో ఏం మారుతుందో చూడటమే ప్రాజెక్టు. చిన్నది. నర్సంపేట వైపు రెండు ఊళ్లు, మొత్తం 32 మంది. కొందరు మందు కొట్టేవాళ్లు, కొందరు నీళ్లు మోసి మందు కలిపేవాళ్లు. ఒక్కొక్కరి దగ్గర మూడుసార్లు రక్తం తీయాలి: మందు కొట్టడం మొదలవకముందు, జోరుగా కొట్టే రోజుల్లో, పత్తి ఏరే రోజుల్లో. పోలికకు ఏనబావి లాంటి ఊరిని తీసుకుందామా అని మా గైడ్ అడిగారు. జనగామ దగ్గరి ఆ ఊరు 2006 నాటికే రసాయన మందులు మానేసింది. కానీ వేరే ఊరంటే వయసులు వేరు, తిండి వేరు, నీళ్లు వేరు. మనిషిని ఆ మనిషితోనే పోల్చాలన్నది నా పట్టు. ఎథిక్స్ కమిటీ కూడా దానికే ఒప్పుకుంది.

జూన్ 3

ప్రశ్నావళి పట్టుకుని మొదటి ఊరికి వెళ్లాను. రెండో ఇంట్లోనే ఆగిపోయాను.

నా కాగితంలో ఎనిమిదో ప్రశ్న, "మీ ఇంట్లో ఎవరైనా మందు తాగుతారా?" హన్మకొండలో కూర్చుని రాసిన ప్రశ్న అది. అరుగు మీద కూర్చున్న ముసలావిడను అదే మాటతో అడిగాను. ఆమె చాలాసేపు నా ముఖం చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మా చిన్నోడు తాగిండు బిడ్డా. పత్తి పోయిన ఏడు" అంది.

నాకు కాళ్లలో సత్తువ పోయింది. 1997-98లో పత్తి దెబ్బతిని వరంగల్ జిల్లా రైతులు వరుసగా ప్రాణాలు తీసుకున్న కాలం నాకు చిన్నప్పటి జ్ఞాపకం. ఆ ఇళ్లలో "మందు తాగిండు" అంటే సారా కాదు, డబ్బా. ఇక్కడ పుట్టి పెరిగిన నాకు ఇది తెలియాలి. తెలుసు కూడా. రాసేటప్పుడు గుర్తు రాలేదు, అంతే. ఆమె పక్కన కూర్చుని ఆ రోజంతా ఇక ఏ ప్రశ్నా అడగలేదు. కొడుకు గురించి ఆమె చెప్పింది విన్నాను. అది ఈ డైరీలో రాయను.

జూన్ 4

ప్రశ్నావళి మొత్తం తిరగరాశాను. మన దగ్గర పురుగుమందుకీ, సారాకీ, గోలీకీ మాట ఒక్కటే. అందుకే మందు అన్న మాటను ఒంటరిగా ఎక్కడా వాడలేదు. "కల్లు తాగుతారా, వారానికి ఎన్ని రోజులు? బీరు, బ్రాందీ?" "చేనులో ఏయే డబ్బాలు కొట్టారు?" "బీపీ, షుగర్, టీబీ గోలీలు ఏమైనా వేసుకుంటున్నారా?" "కామెర్లకు ఆకు పసరు తాగారా?" ఇలా దేనికదే విడిగా అడుగుతున్నాను. ఆఖరి రెండూ చాలా అవసరం. టీబీకి ఇచ్చే ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ కూడా లివర్‌ను దెబ్బతీయగలవు. పసర్లలో ఏ ఆకు కలుస్తుందో ఇచ్చేవాళ్లకే తెలియాలి.

జూన్ 12

మృగశిర కార్తె వచ్చిన నాలుగో రోజు. పొద్దున అయిదున్నరకే పల్లె దవాఖాన ముందు కుర్చీలు వేశాం. పరగడుపున రమ్మని ఆశా అక్క ముందురోజే ఇంటింటికీ చెప్పింది. రాత్రి వాన పడటంతో సగం మంది గింజలు పెట్టడానికి చేన్లకు పోయారు. వాళ్ల వెంటే పోయి, గట్టు మీద కూర్చోబెట్టి రక్తం తీశాం.

"ఇంత రక్తం తీస్కపోయి ఏం జేస్తరు మేడం?" అని ఒక అన్న అడిగాడు. చిన్న చెంచాడు కూడా ఉండదని గొట్టం చూపించాను. కానీ ఆయన ప్రశ్న కొలత గురించి కాదు. ఏం చేస్తామో చెప్పాలి. చెప్పాను, దాదాపు ఇలాగే.

మన నరాల చివర ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థం పుడుతుంది. కండరానికి కదలమని కబురు మోసేది అదే. పని అయ్యాక దాన్ని వెంటనే విరిచేసే ఎంజైము ఒకటి ఉంది, పేరు కోలినెస్టరేజ్. క్లోర్‌పైరిఫాస్, ఎసిఫేట్, ప్రొఫెనోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు పురుగులో ఆ ఎంజైమునే పట్టి బిగిస్తాయి. కబురు ఆగదు, పురుగు కొట్టుకుని చస్తుంది. మనిషిలోనూ అదే ఎంజైము. మందు కొట్టిన సాయంత్రం కళ్లు మసకబారడం, నోట్లో నీళ్లూరడం, వాంతులు, చెమట, కండరాలు అదరడం అందుకే. ఆ ఎంజైము ఎర్ర రక్తకణాల మీద కూడా ఉంటుంది కాబట్టి రక్తంలో కొలవవచ్చు.

"గంతే గదా, తియ్యి" అని చెయ్యి చాపాడు.

జూన్ 13

నిన్న ఆయనకు చెప్పని సగం ఇక్కడ రాస్తున్నాను. ఈ ప్రాజెక్టు అసలు ముడి అందులోనే ఉంది.

రక్తంలో కోలినెస్టరేజ్‌లు రెండు. ఎర్రకణాల మీద ఉండేది ఒకటి. ప్లాస్మాలో, అంటే రక్తంలోని కణాలు తీసేస్తే మిగిలే ద్రవంలో, తిరిగేది రెండోది, దాని పేరు బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్. మామూలు ల్యాబుల్లో "కోలినెస్టరేజ్" అని కొలిచేది ఎక్కువగా ఈ రెండోదాన్నే, సులువు కాబట్టి. కానీ దాన్ని తయారుచేసేది లివర్. లివర్ చెడితే ఏ పురుగుమందూ తగలకపోయినా అది పడిపోతుంది. అంటే పత్తి చేనులో పనిచేసే మనిషికి అది తక్కువగా వచ్చిందంటే, మందు బిగించిందా, లివర్ తయారు చేయలేకపోతోందా? ఒక్క రిపోర్టుతో చెప్పలేం.

రెండూ కలిపి కొలిస్తే దారి దొరుకుతుంది. మందు తగిలితే రెండూ పడతాయి. ప్లాస్మాది కొన్ని వారాల్లో కోలుకుంటుంది, ఎందుకంటే లివర్ కొత్తది తయారుచేసి పంపుతుంది. ఎర్రకణాలది అంత తొందరగా రాదు. కణం బతికేది 120 రోజులు, కొత్త కణాలు వస్తేనే కొత్త ఎంజైము. చేనుకు మందు పడకముందు, జూన్‌లోనే ప్లాస్మాది తక్కువగా ఉండి ఎర్రకణాలది బాగుంటే, అనుమానం లివర్ మీదికి పోవాలి. అందుకే ఈ జూన్ రక్తం. ఇది తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి.

క్లోర్‌పైరిఫాస్‌లో ఇంకో మెలిక ఉంది. డబ్బాలోంచి వచ్చిన రూపంలో అది ఎంజైమును పెద్దగా పట్టుకోలేదు. లివర్‌లోకి వెళ్లాక అక్కడి సైటోక్రోమ్ ఎంజైములు దాన్ని ఆక్సాన్‌గా మారుస్తాయి. అసలు విషం ఆక్సాన్. దాన్ని విరిచి మూత్రంలోకి పంపే పని కూడా చాలావరకు లివర్‌దే. విషం పుట్టేదీ, విరిగేదీ ఒకే చోట అన్నమాట.

జూన్ 16

మూడు రోజుల నుంచి ఎర్రకణాల రీడింగులు ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తున్నాయి. ఒకే నమూనా మూడుసార్లు పెడితే మూడు అంకెలు. చాలా టెన్షన్‌గా ఉంది. జూన్ నమూనాలు ఇవే, ఇవి పోతే అంతా పోయినట్టే.

మేం వాడుతున్నది 1961లో ఎల్మన్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన పద్ధతి. ఎసిటైల్‌థయోకోలిన్‌ను ఎంజైము విరిస్తే పుట్టే ముక్క డిటిఎన్‌బి అనే రసాయనంతో కలిసి పసుపురంగు ఇస్తుంది. ఆ పసుపు ఎంత వేగంగా పెరుగుతుందో 412 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతితో చూడాలి. ప్లాస్మాకు చక్కగా పనిచేసింది. ఎర్రకణాలకు మాత్రం ఎందుకు కాదు?

జూన్ 18

దొరికింది. హిమోగ్లోబిన్ కాంతిని అన్నిటికంటే గట్టిగా పీల్చేది 415 నానోమీటర్ల దగ్గర. మేం చూస్తున్నది 412. రంగు మార్పును హిమోగ్లోబిన్ గోడ వెనక నుంచి చూస్తున్నాం. 1999లో వోరెక్ అనే పరిశోధకుడి బృందం దీనికి మార్గం రాసిపెట్టింది: 436 దగ్గర చదవండి. అక్కడ పసుపు కొంత తగ్గినా హిమోగ్లోబిన్ బాగా తగ్గుతుంది. ప్లాస్మా ఎంజైము అడ్డు రాకుండా దాన్ని ఆపే ఎథోప్రోపజిన్ కలపాలి. ఎర్రకణాల్లో ముందే ఉన్న గ్లూటాథయోన్ అనే పదార్థం కూడా డిటిఎన్‌బితో రంగు ఇస్తుంది కాబట్టి, అది తీరేదాకా పది నిమిషాలు 37 డిగ్రీల దగ్గర ఆగి, ఆ తర్వాతే ఎసిటైల్‌థయోకోలిన్ వేయాలి.

అలా చేసి ఒకే నమూనాను అయిదుసార్లు పెట్టాం. అయిదు అంకెలూ పక్కపక్కనే వచ్చాయి. ల్యాబ్ అసిస్టెంట్ తమ్ముడు, నేను అప్పుడు గాని మధ్యాహ్నం అన్నం డబ్బాలు తెరవలేదు, సాయంత్రం ఆరు గంటలకు.

ఇలాంటి పని చేయబోయేవాళ్ల కోసం: రక్తం తీసిన వెంటనే ఐసు మీద పెట్టండి, అక్కడికక్కడే పలుచన చేయండి. మందు తగిలిన మనిషి రక్తమైతే గొట్టంలో కూడా ఎంజైముకూ విషానికీ మధ్య పని జరుగుతూనే ఉంటుంది. ఎండలో రెండు గంటల ప్రయాణం తర్వాత వచ్చే అంకె ఆ మనిషిది కాదు.

జూన్ 30

32 మందిదీ మొదటి విడత పూర్తి. ఎర్రకణాలది అందరికీ బాగుంది. ప్లాస్మాది ఇద్దరికి బాగా తక్కువ.

ఒకరు యాభై ఏళ్ల రైతు. రోజూ కల్లు, వారానికి మూడు రోజులు బ్రాందీ అని తనే చెప్పాడు. లివర్ తయారుచేసే అల్బుమిన్ అనే ప్రోటీన్ తక్కువ, ప్లేట్‌లెట్లు తక్కువ. వయసు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములు), ప్లేట్‌లెట్లు కలిపి లెక్కగట్టే ఫిబ్-4 స్కోరు 2.67 దాటింది. లివర్ గట్టిపడి ఉండవచ్చని దాని అర్థం. గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి పంపాం.

రెండో ఆయన పురుగుమందుల దుకాణం నడుపుతాడు, డబ్బాలు దించేది, సర్దేది ఆయనే కాబట్టి చేర్చుకున్నాం. ఆయన ప్లాస్మా ఎంజైము దాదాపు సున్నా. మనిషి నిక్షేపంగా ఉన్నాడు, లివర్ పరీక్షలన్నీ బాగున్నాయి. నమూనా పాడైందేమోనని మళ్లీ తీశాం, మళ్లీ అదే. అప్పుడు గుర్తొచ్చింది. కొందరికి ఈ ఎంజైము పుట్టుకతోనే ఉండదు. ఆర్యవైశ్య కుటుంబాల్లో ఈ జన్యుమార్పు ఎక్కువగా కనిపిస్తుందని పరిశోధకులు చాలాకాలం క్రితమే గుర్తించారు. ఆయనదీ ఆ కుటుంబమే. రోజువారీ బతుకులో దీనివల్ల ఇబ్బంది ఉండదు. ఆపరేషన్ మత్తులో సక్సినైల్‌కోలిన్ అనే ఇంజెక్షన్ ఇస్తే మాత్రం, దాన్ని విరిచే ఎంజైము లేక ఊపిరి చాలాసేపు తిరిగి రాదు. ఎప్పుడు ఏ ఆపరేషనైనా మత్తు డాక్టరుకు ఈ సంగతి ముందే చెప్పమని రాసిచ్చాను, ఇంట్లో మిగతావాళ్లకూ పరీక్ష చేయించమన్నాను. వెతికింది ఒకటి, దొరికింది ఇంకొకటి. అయినా ఒక కుటుంబానికి పనికొచ్చింది.

జులై 20

ఊళ్ల పనితో పాటు ల్యాబులో లివర్ కణాలు పెంచి వాటి మీద మందు పరీక్షించే పని కూడా ఉంది, అది వెనకబడింది. పుణెలోని కణాల పరిశోధన సంస్థ ఎన్‌సీసీఎస్ నుంచి తెప్పించిన హెప్‌జీ2 అనే మనిషి లివర్ క్యాన్సర్ కణాలకు, వానలు మొదలయ్యాక రెండుసార్లు బూజు పట్టింది. ఇన్‌క్యుబేటర్ నీళ్ల తట్ట కడిగి మళ్లీ మొదలుపెట్టాం. ఆయిల్ రెడ్ ఓ రంగు వేస్తే కణాల్లో కొవ్వు చుక్కలు ఎర్రగా కనిపిస్తున్నాయి. కానీ ఈ కణాల్లో సైటోక్రోమ్ ఎంజైములు చాలా తక్కువ. క్లోర్‌పైరిఫాస్ పోసి "ఏమీ కాలేదు" అని రాస్తే అది అబద్ధమవుతుంది, ఎందుకంటే ఆక్సాన్ పుట్టనే లేదు. ఆ ఎంజైములు బాగా ఉండే హెపాఆర్‌జీ కణాలు కావాలి, వాటికి డబ్బు కావాలి. ప్రస్తుతానికి ఊళ్ల పనికే చేతులు చాలడం లేదు.

ఆగస్టు 11

పచ్చదోమ వచ్చింది. రెండు రోజులు చేన్లలోనే ఉండి మందు కొట్టడం చూశాను.

కాగితం మీద కొట్టేవాడే ముఖ్యం. చేనులో చూస్తే అది సగం నిజం. మగాయన వీపు మీద పదహారు లీటర్ల బ్యాటరీ పంపు. గట్టు మీద డ్రమ్ము దగ్గర ఆయన భార్య. డబ్బా మూత తీసేది ఆమె, మూతతో కొలిచి పోసేది ఆమె, కట్టెతో కలిపేది ఆమె, బిందెతో ముంచి ట్యాంకు నింపేది ఆమె. కొట్టేవాడికి తగిలేది నీళ్లలో కలిసిన మందు. ఆమె చేతికి తగిలేది చిక్కటి మందు. లీటరు నీటికి ఒకటిన్నర గ్రాముల ఎసిఫేట్ అని చెప్పే చోట, మూతల లెక్కలో ఎంత పడుతుందో ఎవరికి తెలుసు? ఒకే ట్యాంకులో రెండు మూడు రకాలు కలుపుతున్నారు. డబ్బా మీద ఎర్ర, పసుపు, నీలం, ఆకుపచ్చ ముక్కోణాల్లో విషం తీవ్రత రాసి ఉంటుంది, ఎరుపు అన్నిటికంటే ప్రమాదం. ఆ రంగుల అర్థం అడిగితే "కంపెనీ గుర్తు గదా" అంది ఒక వదిన. చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు, అంతే.

ఖాళీ డబ్బాలన్నీ ఫొటో తీసి పేర్లు రాసుకున్నాను. ఇమిడాక్లోప్రిడ్, ఫ్లోనికామిడ్ లాంటివి కోలినెస్టరేజ్‌ను పట్టుకోవు. అవి కొట్టినవాళ్ల ఎంజైము బాగుంటే వాళ్లు క్షేమమని రాయడానికి లేదు. ఈ పరీక్షకు కనిపించేవి ఆర్గానోఫాస్ఫేట్లు, అదే ఎంజైమును పట్టే కార్బమేట్లు అనే ఇంకో రకం మందులు మాత్రమే.

సెప్టెంబర్ 6

రెండో విడత రక్తం అయిపోయింది. ఒక్క మనిషి గురించే రాస్తాను.

ఆమెకు 38 ఏళ్లు. ఆగస్టులో డ్రమ్ము దగ్గర చూసినవాళ్లలో ఒకరు. కల్లు తాగదు, గోలీలు లేవు. ఈ రోజు ఆమె రక్తాన్ని బయట ఏ ల్యాబుకు పంపినా "నార్మల్" అనే రాస్తారు. అంకె నార్మల్ గీతల మధ్యనే ఉంది. కానీ జూన్‌లో ఆమెది పై గీత దగ్గర ఉండేది. ఇప్పుడు కింది గీతకు కాస్త పైన. ఎర్రకణాల ఎంజైము మూడో వంతుకు పైగా పోయింది. కాలిఫోర్నియాలో పురుగుమందులతో పనిచేసే కూలీలకు సీజన్‌కు ముందు రక్తం తీయాలన్న నియమం ఉంది. తన సొంత అంకె నుంచి 20 శాతం పడితే పని పద్ధతి సరిచూడాలి. ఎర్రకణాలది 30 శాతం పడినా, ప్లాస్మాది 40 శాతం పడినా ఆ పని నుంచి తప్పించాలి, తిరిగి 80 శాతానికి వచ్చేదాకా పెట్టకూడదు. ఆ లెక్కన ఈమె ఈ రోజే డ్రమ్ము దగ్గర నుంచి లేవాలి.

జూన్ రక్తం లేకపోతే నేను కూడా నార్మల్ అనే రాసేదాన్ని.

సాయంత్రం డాక్టర్ గారిని తీసుకుని ఇంటికి పోయాం. తల దిమ్ముగా ఉంటోందట, రాత్రిళ్లు నిద్ర లేదట. "ఎండల పనిజేస్తే గట్లనే ఉంటది అనుకున్న మేడం" అంది. భర్తకు రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూపించాను. ఆయన చాలాసేపు కాగితం పట్టుకుని నిలబడ్డాడు. "రేపటి సంది నేనే కలుపుత" అన్నాడు. ఆయనదీ కొంత పడింది, ఆ సంగతీ చెప్పాం. నైట్రైల్ గ్లౌజులు, కొలత గ్లాసు, పొడవాటి కట్టె ఇచ్చి వచ్చాం. గాలికి ఎదురుగా కొట్టొద్దని, తడిసిన బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దని చెప్పాం. ఇవన్నీ వాళ్లకు కొత్త మాటలు కావు. తన అంకె చూశాక మాత్రం వినే తీరు మారింది.

అక్టోబర్ నెల

మూడో విడతను దసరా ముందు పెట్టలేదు, వెంటనే తర్వాతా పెట్టలేదు. సద్దుల బతుకమ్మకు ఆడవాళ్లు తల్లిగారిళ్లకు పోతారు. దసరాకు ప్రతి ఇంట్లో మాంసం, చాలా ఇళ్లలో సీసాలు. తాగుడుతో పెరిగే లివర్ ఎంజైము జీజీటీని ఆ వారం కొలిస్తే అది పండుగ గురించి చెబుతుంది గానీ పత్తి గురించి చెప్పదు.

ఈ ఖాళీలో పాత పేపర్లు చదివాను. 1974లో అమెరికాలో కెంటకీ రాష్ట్రం లూయివిల్‌లో, ప్లాస్టిక్ తయారీకి వాడే వినైల్ క్లోరైడ్‌తో పనిచేసే కార్మికుల్లో అరుదైన లివర్ క్యాన్సర్ బయటపడింది. అదే నగరానికి చెందిన పరిశోధకులు 2010లో, ఆ రసాయనం బాగా తగిలిన 25 మంది కార్మికుల లివర్ ముక్కలు పరిశీలిస్తే 80 శాతం మందిలో కొవ్వుతో కూడిన వాపు కనిపించింది. వాళ్లు తాగుబోతులు కారు, లావుపాటి మనుషులూ కారు. రసాయనం వల్ల వచ్చే ఆ జబ్బుకు ట్యాష్ అని పేరు పెట్టారు. నన్ను ఆపేసింది ఇంకో మాట: చాలామందిలో ఎస్‌జీపీటీ మామూలుగానే ఉంది.

మన ఊళ్లలో లివర్ పరీక్ష అంటే ఆ ఒక్క ఎస్‌జీపీటీయే. వినైల్ క్లోరైడ్ వేరు, పురుగుమందు వేరు, అక్కడి ఫలితాన్ని ఇక్కడ అతికించను. కానీ ఎస్‌జీపీటీ బాగుందని నా 32 మందినీ వదిలేయలేనని అర్థమైంది. అందరికీ కడుపు స్కానింగ్, నడుము కొలత చేర్చాను. షుగర్, పొట్ట ఉన్నవాళ్ల లివర్‌లో కొవ్వుకు అవే కారణం కావచ్చు. ఇవేవీ లేని సన్నటి మనుషుల్లో కొవ్వు కనిపిస్తే అప్పుడు డబ్బాల జాబితా తీయాలి. అలాంటివాళ్లు ముగ్గురు ఉన్నారు. ముగ్గురితో ఏదీ తేలదు, తేలిందని ఎక్కడా రాయను.

నవంబర్ 24

పత్తి ఏరుతున్నారు. మూడో విడత చేన్లలోనే తీశాం, మధ్యలో ఎవరినీ దవాఖానకు రమ్మనలేదు.

డ్రమ్ము దగ్గరి నుంచి లేచిన ఆమె ప్లాస్మా ఎంజైము జూన్ అంకెకు వచ్చేసింది. అంటే లివర్ తన పని తాను చేస్తోంది. ఎర్రకణాలది సగం దూరమే వచ్చింది, పాత కణాలు పోయి కొత్తవి రావాలి. సంక్రాంతి దాటాక ఇంకోసారి తీస్తానన్నాను. "మళ్ల జూన్‌ల గూడ వస్తవా మేడం?" అని అడిగింది. వస్తానన్నాను. వచ్చే ఏడు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ఇంకా తేలలేదు, అయినా గొట్టాల ఆర్డర్ ఈ రాత్రే పెట్టేశాను.

ప్రతి ఒక్కరి అంకెలూ తెలుగులో కార్డు మీద రాసి ఇస్తున్నాం: జూన్, సెప్టెంబర్, నవంబర్, పక్కన కొట్టిన డబ్బాల పేర్లు. అడుగున ఒక వరుస: ఏ ఆసుపత్రికి పోయినా ఈ కార్డు ముందు చూపించండి. మొదటి ఊళ్లో ఆ ముసలావిడ ఇంటికీ పోయాను. ఆమె 32 మందిలో లేదు. కోడలు ఉంది. కార్డు కోడలి చేతిలో పెడుతుంటే ముసలావిడ తీసుకుని, చదువు రాకపోయినా రెండు వైపులా తిప్పి చూసి, దేవుడి పటాల వెనక పెట్టింది.